ఆకాశం హాజరు పట్టీ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోను చేసి, "నీ వృత్తి గురించి ఓ పావుగంట మాట్లాడవయ్యా, పిల్లలకు పనికొచ్చేట్టు" అన్నారు. నేను డాక్టర్ని కాదు, కలెక్టర్ని కాదు, అమెరికాలో లేను. పిడుగురాళ్లలోనే ఉంటాను. పొలాలు, ప్లాట్లు, సున్నపురాయి క్వారీలు కొలిచే ప్రైవేటు సర్వేయర్ని. భుజాన మూడుకాళ్ల స్టాండు, చేతిలో రోవర్ కర్ర పట్టుకుని ఎండలో తిరిగే మనిషిని. మన ఊళ్లో చాలామందికి నా పేరు కూడా తెలియదు. "డీజీపీఎస్ అతను" అంటే గుర్తుపడతారు. అలాంటివాడిని ఈ సభలో ఏం మాట్లాడాలా అని నాలుగు రోజులు ఆలోచించాను. చివరికి నేను చేసిన ఒక తప్పు గురించి చెప్దామని నిర్ణయించుకున్నాను. ఆ తప్పు అర్థం కావాలంటే ముందు ఈ బడిలో హాజరు పిలిచే పద్ధతి గుర్తు చేసుకోవాలి.

మా లెక్కల మాస్టారు హాజరు తీసుకునేటప్పుడు తలెత్తేవారు కాదు. పట్టీ మీదే చూపు, చేతిలో ఎర్ర సిరా పెన్ను. "ఒకటి", "ప్రెజెంట్ సార్". "రెండు", "ప్రెజెంట్ సార్". అంతా ఒకే మాట. కానీ ఆ గొంతును బట్టే ఆయనకు అన్నీ తెలిసిపోయేవి. "పద్నాలుగూ, నీకు జ్వరంగా ఉందిరా, ఇంటికి పో" అనేవారు. ఓసారి నా పక్కవాడు రాకపోతే వాడి బదులు నేను గొంతు మార్చి పలికాను. ఆయన తలెత్తకుండానే, "ఇరవై మూడు కిటికీ పక్కన కూర్చుంటాడు కదరా, ఇవ్వాళ వాడి గొంతు తలుపు దగ్గర్నుంచి వచ్చిందేం?" అన్నారు. తర్వాత ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు. మీలో చాలామంది ఆ బెత్తం రుచి చూసినవాళ్లే.

ఎవరు పలికారో ఒక్కటే కాదు, ఎక్కడ్నుంచి పలికారు, ఎంత గట్టిగా పలికారు అనేవి కూడా ఆయన వినేవారు. నేను వాడే యంత్రం కూడా ప్రతి సెకనూ అచ్చం ఇలాగే హాజరు తీసుకుంటుంది.

మీ అందరి జేబుల్లోనూ జీపీఎస్ ఉంది. దారి చూడాలంటే ఫోను తీస్తారు, నీలం చుక్క కనిపిస్తుంది. నేను ఇక్కడున్నానని అది చెబుతుంది. మనకు కావలసింది అదే కాబట్టి అక్కడితో ఆగిపోతాం. లోపల మాత్రం రిసీవరు ఇంకా చాలా మాట్లాడుతుంది. ఆ మాటలకు ఒక వ్యాకరణం ఉంది. పేరు ఎన్‌ఎంఈఏ 0183. అమెరికాలో ఓడలకు, పడవలకు ఎలక్ట్రానిక్ సామాను చేసేవాళ్ల సంఘం ఒకటి 1983లో దీన్ని తెచ్చింది. నీటి లోతు కొలిచే పెట్టె, దిక్సూచి, చుక్కాని నడిపే యంత్రం, ఒక్కొక్కటీ ఒక్కో కంపెనీది అయినా ఒకదాని మాట ఒకదానికి అర్థం కావాలని పెట్టుకున్న భాష అది. సముద్రం మీద పుట్టిన ఆ భాష ఇప్పుడు మన పల్నాడు మెట్ట చేలల్లో వినిపిస్తోంది.

ఆ భాషలో వాక్యం సాధారణంగా డాలర్ గుర్తుతో మొదలవుతుంది. తర్వాత ఎవరు మాట్లాడుతున్నారో రెండక్షరాల్లో ఉంటుంది. అమెరికా జీపీఎస్ అయితే జీపీ, రష్యా గ్లోనాస్ అయితే జీఎల్, యూరప్ గెలీలియో అయితే జీఏ, మన దేశపు నావిక్ అయితే జీఐ. ఆ తర్వాత మూడక్షరాల్లో ఏ విషయం మాట్లాడుతున్నారో ఉంటుంది. జీజీఏ అంటే నేను ఎక్కడున్నాను అన్నది. జీఎస్ఏ అంటే లెక్కలోకి ఎవరెవర్ని తీసుకున్నాను అన్నది. జీఎస్‌వీ అంటే ఆకాశంలో ఎవరెవరు ఉన్నారు, ఎవరి గొంతు ఎంత బలంగా వినిపిస్తోంది అన్నది. నేను హాజరు పట్టీ అంటున్నది ఈ జీఎస్‌వీనే.

ఒక వాక్యం చదివి వినిపిస్తాను. జీపీజీఎస్‌వీ, 3, 1, 11, 07, 62, 045, 47. మొదటి 3 అంటే ఈ పట్టీ మొత్తం మూడు వాక్యాల్లో వస్తుందని. 1 అంటే ఇది మొదటి వాక్యమని. 11 అంటే ఇప్పుడు మన నెత్తిమీద పదకొండు ఉపగ్రహాలు ఉన్నాయని. ఒక్కో వాక్యంలో నలుగురే పడతారు కాబట్టి పదకొండుమందికి మూడు వాక్యాలు కావాలి. తర్వాత ఒక్కొక్కరికీ నాలుగేసి గడులు. రోల్ నంబరు 07. నేల అంచు నుంచి 62 డిగ్రీల ఎత్తులో ఉంది. ఉత్తరం నుంచి కుడివైపుకు 45 డిగ్రీల దిక్కున, అంటే ఈశాన్యాన ఉంది. చివరి 47 దాని గొంతు బలం. ఆ గడి ఖాళీగా ఉంటే ఆ ఉపగ్రహం పైన ఉంది గానీ మన యంత్రానికి వినిపించడం లేదని అర్థం. పట్టీలో పేరుంది, పిల్లవాడు పలకలేదు.

జీపీఎస్ ఉపగ్రహాల రోల్ నంబర్లు 1 నుంచి 32 వరకు. ఒక సెక్షనుకు సరిపోయే తరగతి. అవి భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ఒక్కోటి పంపే రేడియో శక్తి కొన్ని పదుల వాట్లు మాత్రమే. మనం ఇళ్లల్లో వాడిన పాత బల్బు శక్తి కూడా అంతే. అంత దూరంలోని బల్బు వెలుగు మన అరచేతిలోకి ఎంత వస్తుందో ఊహించండి. ఆ సంకేతం ఇక్కడికి చేరేసరికి, రిసీవరులో మామూలుగా ఉండే రేడియో రొదకన్నా చాలా సన్నగా ఉంటుంది. గొంతుకన్నా గోలే ఎక్కువన్నమాట.

మరి ఎలా వినిపిస్తుంది? శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లకు వెళ్లినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ప్రభల మీద మైకులు మోగుతుంటాయి, జనం, బూరలు, అరుపులు. ఆ గోలలో తప్పిపోయిన పిల్ల "అమ్మా" అంటే తల్లి తల తిప్పుతుంది. పక్కనున్న మనకు వినపడదు. ఆ గొంతు తల్లికి ముందే తెలుసు గనక ఆమెకు వినపడుతుంది. ఒక్కో ఉపగ్రహానికి 1023 ముక్కల సంకేత వరస ఒకటి ఉంటుంది. దాన్ని సెకనుకు వెయ్యిసార్లు అప్పజెబుతూ ఉంటుంది. ఆ వరస రిసీవరుకు ముందే కంఠస్థం. వచ్చిన గోల పక్కన తన దగ్గరున్న వరసను పెట్టి, కాస్త ముందుకు, కాస్త వెనక్కి జరుపుతూ పోలుస్తుంది. రెండూ కలిసిన చోట గొంతు పైకి తేలుతుంది. ఎంతగా తేలిందన్నదే ఆ నాలుగో గడిలోని అంకె. దాని కొలత డెసిబెల్ హెర్ట్జ్.

ఈ అంకెలు మార్కుల్లాంటివి కావు. 47కూ 44కూ తేడా మూడే కదా అనుకోకండి. మూడు తగ్గితే బలం సగమైనట్టు. పది తగ్గితే పదో వంతు. 45 ఉండాల్సింది 25 ఉంటే నూరో వంతే మిగిలిందని. ఖాళీ మైదానంలో నడినెత్తిన ఉన్న ఉపగ్రహానికి 45 నుంచి 50 దాకా వస్తుంది. 35 పైన ఉంటే ఫర్వాలేదు. 30 దిగువకు వచ్చిందంటే అనుమానించాలి. ఒక్కో యంత్రం కాస్త ఎక్కువో తక్కువో చూపిస్తుంది కాబట్టి ఎవరి యంత్రాన్ని వాళ్లు అలవాటు చేసుకోవాలి.

ఈ పట్టీలో మనవాళ్లూ ఉన్నారు. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి విమానాల కోసం పెట్టిన గగన్ వ్యవస్థలో జీశాట్-8, జీశాట్-10 ఉపగ్రహాలు ఉన్నాయి. వాటి అసలు నంబర్లు 127, 128. ఈ భాషలో అలాంటి ఉపగ్రహాలకు 87 తీసేసి రాసే ఆచారం ఉంది కాబట్టి పట్టీలో 40, 41గా పలుకుతాయి. 41వ నంబరు మన పిడుగురాళ్ల నుంచి చూస్తే దాదాపు నేరుగా దక్షిణాన, 70 డిగ్రీల ఎత్తున కదలకుండా నిలబడి ఉంటుంది. మిగతావాళ్లు ఉదయించి అస్తమిస్తూ ఉంటే ఇతను మాత్రం క్లాసు లీడరులా అక్కడే ఉంటాడు. ఇక నావిక్ ఉపగ్రహాలు మన శ్రీహరికోట నుంచే లేచాయి. మొదటిది 2013 జులై 1న, ఆ వరసలో ఏడోది 2016 ఏప్రిల్ 28న. 2023 మే 29న ఎన్‌వీఎస్-01 మన దేశంలోనే తయారైన పరమాణు గడియారంతో వెళ్లింది. జీఐ అనే రెండక్షరాలు తెరమీద మొదటిసారి కనిపించిన రోజు నేను పొలంలో ఒక్కడినే నిలబడి నవ్వుకున్నాను.

ఇక నా తప్పు సంగతి.

కొన్నేళ్ల కిందట ఆషాఢంలో, కారెంపూడి రోడ్డు వైపున్న ఒక చేను కొలవమని ఇద్దరు వచ్చారు. ఇద్దరూ మన బడివాళ్లే. నాకన్నా రెండేళ్లు పెద్ద, ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. పేర్లు చెప్పను. ఈ సంగతి చెప్పడానికి ఇద్దరి దగ్గరా అనుమతి తీసుకున్నాను. పొలాలు పక్కపక్కన. మధ్యన 200 మీటర్ల గట్టు. ఏళ్లతరబడి దున్నుళ్లలో గట్టు అటూ ఇటూ జరిగింది. మిర్చి నాటు వేయకముందే రాళ్లు పాతించుకుందామని మంచి మనసుతోనే వచ్చారు. "మనవాడే కొలుస్తాడు, పేచీ ఉండదు" అనుకున్నారు.

పని తేలికైనదే. తూర్పు మూల ఖాళీగా ఉంది, కొలిచాను. పడమటి మూలలో పెద్ద వేపచెట్టు, దానికి ఆనుకుని మందులు, స్ప్రేయర్లు పెట్టుకునే రేకుల షెడ్డు. మూల సరిగ్గా ఆ రెండింటి మధ్యన పడింది. రోవర్ కర్ర నిలబెట్టాను, బబుల్ సరిచూశాను. కాసేపటికి తెరమీద పచ్చగా "ఫిక్స్‌డ్" అని వచ్చింది. ఆ మాట వస్తే సెంటీమీటర్లలో తేలిందని మా వృత్తిలో లెక్క. పాయింటు తీసుకున్నాను. ఎండ మండుతోంది, సాయంత్రం దాచేపల్లి పక్క ఇంకో పని ఉంది. రాయి ఎక్కడ పాతాలో చూపించాను.

ఆ ఇద్దరిలో ఒకాయన కాసేపు ఆ రాయి చుట్టూ తిరిగి, "ఒరే అబ్బాయ్, ఇక్కడ మా నాన్న కొట్టించిన తుమ్మచెట్టు మొద్దు ఉండాలి. అది హద్దుకు మావైపు ఉండేది. నీ రాయి మొద్దుకి ఇవతల పడిందే" అన్నారు. నేను అన్న మాట నాకిప్పటికీ గుర్తే. "అన్నా, మనుషులు మర్చిపోతారు. మిషను అబద్ధం చెప్పదు" అన్నాను.

ఆయన ఇంకేం మాట్లాడలేదు. చదువుకున్న తమ్ముడు, చేతిలో లక్షల ఖరీదు యంత్రం. రాయి పాతారు. ఆ రాయిని బట్టి కొత్త గట్టు వేశారు. ఆయనకు అప్పటిదాకా ఉన్న చేనులో ఒక పక్క సన్నగా కొంత పోయింది. ఆయన ఏమీ అనలేదు గానీ ఇంట్లోవాళ్లు ఊరుకోలేదు. సర్వేయరును కొనేశారన్న మాట లేచింది. ఆ మాట రెండోవాళ్ల చెవిన పడింది. శ్రావణంలో ఒకరి ఇంట్లో ఆడపిల్ల పెళ్లయితే రెండోవాళ్లు వెళ్లలేదు. డొంకలో ట్రాక్టర్లు ఎదురైతే ఎవరు వెనక్కి తీయాలన్న దగ్గర కూడా గొడవ. ఇదంతా నాకు మాటగా తెలుస్తూనే ఉంది. నా కొలత మీద నమ్మకంతో, వాళ్ల ఖర్మ అనుకున్నాను.

సంక్రాంతి వెళ్లాక మొదటి కోత జరుగుతుండగా ఆయన మా ఇంటికి వచ్చారు. కోపంగా రాలేదు. మంచినీళ్లు తాగి, "తమ్ముడూ, నీ మిషను తప్పంటానికి నాకేం తెలుసు? కానీ రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు. ఆ మొద్దు నేను చిన్నప్పుడు ఎక్కి ఆడుకున్నది. ఆ రోజు నీ మిషను ఏం చెప్పిందో ఇంకోసారి చూడగలవా? అదేమన్నా దాచుకుంటుందా?" అని అడిగారు.

దాచుకుంటుంది. యంత్రం పలికిన ప్రతి వాక్యాన్నీ ఫైలుగా ఉంచడం నాకు అలవాటు. చదవడం మాత్రం అలవాటు లేదు. ఆయన పోయాక ఆ రాత్రి ఫైలు తెరిచాను. పడమటి మూలలో నిలబడ్డ ఆ కొద్ది నిమిషాల జీఎస్‌వీ వాక్యాలు చదువుతుంటే నాకు చెమటలు పట్టాయి.

తూర్పు దిక్కున ఉన్న ఐదుగురూ 42 నుంచి 47 దాకా గట్టిగా పలికారు. పడమర నుంచి వచ్చినవన్నీ 24, 27, 31. అందులో 16వ నంబరుది 48 డిగ్రీల ఎత్తు, దిక్కు 270, అంటే నేరుగా పడమర. నేల అంచున ఉన్న ఉపగ్రహం గొంతు సన్నగా ఉంటే తప్పులేదు. కానీ 48 డిగ్రీల ఎత్తున ఉన్నవాడు 44కు తగ్గకుండా పలకాలి. 27 అన్నాడంటే మధ్యలో ఏదో అడ్డముంది. ఆ అడ్డం వేపచెట్టు. మరో సంగతి ఏమిటంటే, ఆ అంకె నిలకడగా లేదు. 27, కాసేపటికి 39, మళ్లీ 25. ఉపగ్రహం అంత గబగబా గొంతు మార్చదు. నేరుగా వచ్చిన సంకేతానికి, షెడ్డు రేకు మీద తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వని తోడైతే, ఒకసారి రెండూ కలిసి పెద్దదవుతాయి, ఒకసారి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. నా పక్కవాడి బదులు నేను పలికానే, అదే ఇది. కిటికీ పక్కన కూర్చునేవాడి గొంతు తలుపు దగ్గర్నుంచి వచ్చింది. మాస్టారు తలెత్తకుండా పట్టేసిన దొంగ హాజరును, కళ్లముందు రాసిపెట్టి ఉన్నా నేను పట్టుకోలేకపోయాను.

మరి "ఫిక్స్‌డ్" ఎందుకు వచ్చింది? సెంటీమీటర్లలో కొలవాలంటే మా యంత్రం ఉపగ్రహం పంపే అలలను లెక్కపెడుతుంది. ఒక్కో అల పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. ఉపగ్రహానికీ మనకూ మధ్య పూర్తి అలలు ఎన్ని ఉన్నాయో సరిగ్గా తేల్చుకున్నాక "ఫిక్స్‌డ్" అంటుంది. ప్రతిధ్వనులు కలిస్తే ఆ లెక్కలో ఒకటి, రెండు, మూడు అలలు తప్పు పోవచ్చు. తప్పు లెక్కతోనూ అంతే ధీమాగా "ఫిక్స్‌డ్" అనగలదు. జీజీఏ వాక్యంలో నేను ఇక్కడున్నాను అని ధీమాగా చెబుతూనే, జీఎస్‌వీ వాక్యంలో "నాకు పడమర వైపు సరిగా వినపడటం లేదు" అని అదే సెకనులో చెప్పింది. మిషను అబద్ధం చెప్పలేదు. దాని రెండు మాటల్లో నాకు కావలసిన మాట ఒక్కటే విన్నాను.

తెల్లారి ఇద్దరి ఇళ్లకూ వెళ్లాను. "నా కొలత మీద నాకే అనుమానంగా ఉంది, మళ్లీ కొలుస్తాను, ఇద్దరూ రండి" అన్నాను. ఊళ్లో ఒక పెద్దాయనను కూడా పిలిచాం. ఈసారి రోవర్‌ను చెట్టు కిందికి తీసుకెళ్లలేదు. ఖాళీగా ఉన్న రెండుచోట్ల పాయింట్లు తీసుకున్నాను. ఒక్కోటి రెండుసార్లు, మధ్యలో యంత్రాన్ని ఆపి, మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టించాను. రెండుసార్లూ ఒకటే వచ్చింది. అక్కడ్నుంచి టోటల్ స్టేషనుతో, అంటే చూపుతో, ఆకాశంతో పనిలేకుండా, చెట్టుకిందున్న మూలను పట్టుకున్నాను. తేడా 61 సెంటీమీటర్లు వచ్చింది. రెండడుగులు. మూడు అలలకు కాస్త పైన.

గునపంతో తవ్వితే కొత్త గుర్తుకు అవతల, ఆయన చెప్పినట్టే వాళ్ల వైపున, తుమ్మమొద్దు వేళ్లు దొరికాయి.

ఒక మూల రెండడుగులు, 200 మీటర్ల గట్టు. త్రికోణంగా పోయిన నేల 60 చదరపు మీటర్ల చిల్లర, అంటే ఒకటిన్నర సెంటు. ఆ ఒకటిన్నర సెంటు కోసం ఆరు నెలలు రెండు కుటుంబాలు మాట్లాడుకోలేదు. నేను ఇద్దరి ముందూ చేతులు కట్టుకుని, తప్పు నాది, యంత్రానిది కాదు, మీ ఇద్దరిదీ అంతకన్నా కాదు అని చెప్పాను. తీసుకున్న కూలీ తిరిగి ఇచ్చాను. రాయి తీసి సరైన చోట పాతించాను. అప్పటికి ఆ త్రికోణంలో రెండోవాళ్ల మిర్చి ఎర్రగా పండి ఉంది. "కోతలు అయ్యాకే గట్టు తీద్దాంలే, కాయ ఎవరిదైతేనేం" అన్నారు తుమ్మమొద్దు ఆయన. రెండోఆయన తలొంచుకుని, "పెళ్లికి రావాల్సింది రా" అన్నారు. అంతకుమించి అక్కడ ఎవరూ ఏమీ మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు ఆయన నాతో ఒక్కమాట అన్నారు. "రాయి జరిపావు, సంతోషం. ఈ ఆర్నెల్లలో అనుకున్న మాటలు ఎవరు జరుపుతార్రా?" అని. దానికి నా దగ్గర ఏ యంత్రమూ లేదు.

మన ఊరి పేరులోనే పిడుగు ఉంది కాబట్టి ఒక సామెత చెబుతాను. పిడుగుకూ బియ్యానికీ ఒకటే మంత్రమా అంటారు. ఖాళీ చేనుకూ చెట్టు నీడకూ నేను ఒకే మంత్రం చదివాను. అదే నా తప్పు.

అప్పట్నుంచి నా పని పద్ధతి మారింది. ముందు పట్టీ చూస్తాను, తర్వాతే పాయింటు. ఎత్తు, గొంతు రెండూ కలిపి చదువుతాను. ఎత్తున ఉండి సన్నగా పలికేవాళ్లను లెక్కలోంచి తీసేస్తాను. ఏ దిక్కు నుంచి గొంతులు తగ్గుతున్నాయో చూస్తే, తలెత్తకుండానే అటు చెట్టుందో, క్వారీ గోడుందో తెలిసిపోతుంది. ప్రతి ముఖ్యమైన మూలనూ వేరువేరు సమయాల్లో రెండుసార్లు కొలుస్తాను. ఇక, పాత మొద్దు, పాత బావి, పాత బోదె గురించి రైతు చెప్పిన ప్రతి మాటనూ నా పుస్తకంలో రాసుకుంటాను. అదీ సాక్ష్యమే.

సాయంత్రాల సంగతి కూడా ఒకటి చెప్పాలి. భూమి అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. 1963లో మొదటి రాకెట్టు ప్రయోగానికి కేరళలో తుంబాను ఎంచుకున్నదీ అందుకే. ఆ రేఖకు దగ్గర్లో ఉన్న మన ఆకాశంలో, పొద్దుగూకాక పైన ఉన్న ఐనో ఆవరణంలో బుడగల్లాంటివి లేస్తాయి. మార్చి, సెప్టెంబరు చుట్టుపక్కల నెలల్లో, సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉన్న ఏళ్లలో ఇది ఎక్కువ. అప్పుడు చెట్టు లేకపోయినా, షెడ్డు లేకపోయినా పట్టీలో అంకెలు నక్షత్రాలు మినుకుమన్నట్టు ఊగిపోతాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దీని మీద పనిచేసే ఒక విభాగమే ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు ఐనో ఆవరణాన్ని దశాబ్దాలుగా పరిశోధిస్తున్నారు. పిల్లలూ, మీలో ఎవరికైనా ఫిజిక్సు మీద ఇష్టముంటే చేయాల్సిన పని మన నెత్తిమీదే ఉంది.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకు ముఖ్యమంటే, 2020 డిసెంబరులో కృష్ణా నదికి అవతల జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మన రాష్ట్ర భూముల రీసర్వేకు శ్రీకారం చుట్టారు. మన తాతల కాలంలో గొలుసు లాగి కొలిచిన నేలను ఇప్పుడు డ్రోన్లతో, రోవర్లతో కొలుస్తున్నారు. గొలుసు లాగేటప్పుడు ఊరంతా చుట్టూ నిలబడి చూసేది. గొలుసు వంగితే అందరికీ కనపడేది, "లాగి పట్టవయ్యా" అని ఎవరో ఒకరు అరిచేవాళ్లు. ఇప్పుడు గొలుసు ఆకాశంలో ఉంది. వంగినా కనపడదు. అది వంగిందని చెప్పే అంకె ఒక్కటే ఉంది, దాన్ని అడిగి చూపించమనండి. మీ పొలం కొలవడానికి వచ్చినది ఎవరైనా సరే, "బాబూ, ఎన్ని ఉపగ్రహాలు పలుకుతున్నాయి, ఎంత బలంగా పలుకుతున్నాయి" అని మర్యాదగా అడగండి. మంచి సర్వేయరైతే సంతోషంగా చూపిస్తాడు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ పట్టీ చూడటానికి లక్షల యంత్రం అక్కర్లేదు. ఫోన్లలో ఉపగ్రహాల గొంతు బలం చూపించే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. పిల్లల్ని మన ఆటస్థలం మధ్యలో నిలబెట్టి అంకెలు రాయించండి. తర్వాత చెట్టు కింద, ఆ తర్వాత స్లాబు వేసిన గదిలో, చివరికి రేకుల సైకిల్ స్టాండు పక్కన. గ్రాఫు కాగితం మీద వృత్తం గీసి, దిక్కు, ఎత్తు బట్టి ఒక్కొక్కరినీ చుక్క పెట్టిస్తే ఆకాశం పటం వస్తుంది. మర్నాడు అదే ఉపగ్రహం అదే చోటికి సుమారు నాలుగు నిమిషాలు ముందే వస్తుంది. ఎందుకో వాళ్లనే కనుక్కోమనండి. డెసిబెల్, లాగరిథం, కోణం, ప్రతిధ్వని అన్నీ ఒక్క మధ్యాహ్నంలో అయిపోతాయి. నేను పదో తరగతిలో లాగ్ టేబుళ్లు ఎందుకురా అనుకుంటూ బట్టీ పట్టాను. అవి ఎందుకో తుమ్మమొద్దు దగ్గర అర్థమైంది.

మా లెక్కల మాస్టారు ఈ రోజు మన మధ్య లేరు. ఉంటే ఆయన ముందు నిలబడి, మాస్టారూ, మీరు హాజరు తీసుకునేటప్పుడు నేర్పింది నాకు ఇరవై ఏళ్లు ఆలస్యంగా వంటబట్టింది అని చెప్పేవాడిని. "ప్రెజెంట్ సార్" అన్న మాట అందరిదీ ఒకటే. ఎవరు, ఎక్కడ్నుంచి, ఎంత బలంగా అన్నారో విన్నాకే ఆయన ఎర్ర పెన్నుతో గీత పెట్టేవారు.

ఆ ఇద్దరు అన్నలూ ఇప్పుడు ఈ సభలోనే ఉన్నారు. ఒకే బెంచీ మీద కూర్చోలేదు, మధ్యలో నాలుగు కుర్చీలు ఉన్నాయి. కానీ ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చారని ఇందాకే తెలిసింది. నాకు ఈ స్వర్ణోత్సవంలో అంతకన్నా కావలసింది లేదు.